రాత్రి ఎనిమిదింటి బిళ్ల

1987 మార్చి 14, శనివారం. సింగనపాడు స్టేషను. సాయంత్రం ఆరుంబావుకు రాయడం మొదలుపెట్టాను.

నా పేరు పులిగడ్డ త్యాగరాజు. తండ్రి పేరు రాధాకృష్ణమూర్తి, హైస్కూల్లో తెలుగు మాస్టారు. వయసు ఇరవై మూడు నిండి నాలుగు నెలలు. చదువు బి.ఎ., చీరాలలో, రెండో తరగతిలో ఉత్తీర్ణత. వృత్తి: ప్రతి శనివారం గుంటూరు నుంచి సింగనపాడు వచ్చి, బస్టాండు వెనక ఎరువుల కొట్టు మేడ మీద రోగులను చూసే మనోవైద్యురాలు డాక్టర్ ఖుర్షిదా గారి దగ్గర గుమాస్తా. మిగతా ఆరు రోజులూ నిరుద్యోగిని.

ఈ వాంగ్మూలం నా సొంత దస్తూరీతో రాస్తున్నాను. కారణం, హెడ్ కానిస్టేబుల్ అల్లాబక్షు గారికి కుడిచెయ్యి నొప్పిగా ఉండటం. ఎస్సై రామమూర్తి గారు నాతో, "కాలేజీ చదివావుగా, నువ్వే రాయి. ఈ గదిలో జరిగేది కూడా రాయి. ఒక్క మాట వదిలావంటే ఊరుకోను" అన్నారు. వదలనని మాట ఇచ్చాను. ఈ మాట వల్ల ముందు ముందు ఎవరికైనా ఇబ్బంది కలిగితే అది ఆజ్ఞను పాటించడం వల్ల కలిగిందిగా భావించవలసిందని మనవి.

క్లినిక్కులో నా పనులు మూడు. టోకెన్లు ఇవ్వడం ఒకటి. డాక్టరమ్మ రాసిన బిళ్లలు లెక్కపెట్టి పొట్లం కట్టడం రెండు. తిరిగి చెప్పించుకోవడం మూడు. అంటే, పొట్లం చేతిలో పెట్టే ముందు ఎవరికి, ఎన్ని, ఎప్పుడు అని అడిగి, వాళ్ల నోటితోనే జవాబు చెప్పించాలి. తడబడితే మళ్లీ మొదటి నుంచి. ఉద్యోగంలో చేర్చుకున్న రోజున డాక్టరమ్మ, "మొదటి రెండూ నేను ఓసారి సరిచూసుకుంటాను త్యాగరాజూ. మూడోది చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. అది నీదే" అన్నారు.

ఇప్పుడు ఈ స్టేషనులో బల్ల మీద కూర్చుని ఉన్న ఆదెయ్య గారిని నేను మొదటిసారి చూసింది ఫిబ్రవరి 14న, ఉదయం పదకొండు గంటలకు. టోకెన్ నంబరు పంతొమ్మిది. వయసు నలభై ఆరు. ఊరు వల్లూరమ్మపాలెం, ఇక్కడికి ఏడు మైళ్లు. పత్తీ మిరపా పండిస్తారు. రెండేళ్లు వరసగా తెల్లదోమ ఆయన పత్తిని పీల్చి పిప్పి చేసింది. కార్తీకం నుంచి ఆయన మాట్లాడటం మానేశారు. తరవాత నిద్ర మానేశారు. తరవాత తిండి. ఆయన వెంట తల్లి బసవమ్మ, భార్య వెంకటేశ్వరమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, ఇద్దరు మరదళ్లు వచ్చారు. మేడ మెట్లు కిర్రుమన్నాయి.

బసవమ్మ గారి వయసు డెబ్బై పైన. కుర్చీలో కూర్చోకముందే, "డాక్టరమ్మా, మావోడికి సూదెయ్యి. చిన్నది కాదు, పెద్దది. ఎర్ర టానిక్కు కూడా రాయి" అంది.

"ఇవాళ సూదీ లేదు, టానిక్కూ లేదు. ముందు నన్ను అడగనివ్వండి" అన్నారు డాక్టరమ్మ.

నలభై నిమిషాలు అడిగారు. తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తుంది, గుండెజబ్బు ఉందా, వేరే బిళ్లలేమైనా మింగుతున్నారా, సారా అలవాటుందా, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా అయిందా. ఆఖరున, పురుగుమందు డబ్బాలు ఎక్కడ పెడతారని అడిగారు.

"మంచం కిందండి" అన్నాడు చిన్న తమ్ముడు.

"ఎవరి మంచం?"

"అన్నదేనండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. ఆ రోజు ఇచ్చిన చీటీలో మందు లేదు. రక్తపరీక్ష, గుండె పరీక్ష, వాటి కింద రెండు వాక్యాలు. డబ్బాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి భార్య మెడలో ఉంచవలసింది. మనిషిని ఒంటరిగా వదలవద్దు.

మెట్లు దిగుతూ బసవమ్మ, "తాళంకప్ప రాసిచ్చే డాక్టర్ని నా జన్మలో చూళ్లా" అంది. ఆమెను నవ్వించినది నేనేనని అప్పుడు గర్వపడ్డాను. ఎందుకంటే, "ఉదయం సాయంత్రం ఒక్కో తాళం అవ్వా, భోజనానంతరం" అన్నాను. నవ్వింది. ఆమె నవ్వుతుందని అలా నాకు తెలిసింది. ఇది ముఖ్యమైన సంగతి. తర్వాత పనికొస్తుంది.

ఫిబ్రవరి 21న పరీక్షల కాగితాలతో మళ్లీ వచ్చారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, ఇంటిల్లిపాదినీ వదిలిపెట్టి, ఆదెయ్య గారి వైపు తిరిగి, "ఆదెయ్య గారూ, మందు వాడదామనుకుంటున్నాను. మీకిష్టమేనా?" అన్నారు.

"ఆడు మాట్టాడడమ్మా. నన్నడుగు, నే చెప్తా" అంది బసవమ్మ.

"మింగేది ఆయన కదండీ" అని డాక్టరమ్మ ఎదురు చూస్తూ కూర్చున్నారు. గోడగడియారం నా ఎదురుగా ఉంది కనుక కచ్చితంగా చెప్పగలను. మూడు నిమిషాలు. బయట ఇరవై రెండు మంది ఉన్నారు. మూడు నిమిషాలయ్యాక ఆదెయ్య గారు తల ఊపారు. కనిపెట్టి చూస్తే తప్ప తెలియనంత చిన్నగా ఊపారు.

అప్పుడు రాశారు. రాత్రి ఎనిమిదింటికి సగం బిళ్ల.

పెద్ద తమ్ముడికి ఇది అవమానంగా తోచింది. "సగమేందండీ? తెల్లదోమకి ఒక మందు పంజెయ్యకపోతే మూడు కలిపి కొడతాం మేం."

"మూడు కలిపి కొడితే దోమ పోయిందా?"

"పోలేదండి. ఎక్కువైంది."

"అందుకే సగం" అన్నారు డాక్టరమ్మ. తర్వాత ప్రతి ముక్కా విడివిడిగా చెప్పారు. మొదట నిద్ర వస్తుంది. తరవాత ఆకలి. మాట అన్నింటికన్నా ఆఖరు, మూడు వారాలైనా పట్టొచ్చు. నోరెండుతుంది. గభాల్న లేస్తే కళ్లు తిరుగుతాయి. బాగుందని మానొద్దు. బాగా లేదని రెండు వేయొద్దు. ఆమె ఎవరికీ వారానికి మించి బిళ్లలు ఇవ్వరు. ఇంట్లో దిగులు మనిషీ పురుగుమందూ రెండూ ఉన్నవాళ్లకు అసలే ఇవ్వరు. ప్రతి శనివారం ఇంత దూరం ఏం రాగలమని జనం సణుగుతారు. నేనూ సణిగాను, పొట్లాలు కట్టేది నేను కాబట్టి. ఇవాళ మధ్యాహ్నం నుంచి సణగడం మానేశాను.

ఆ రోజు తిరిగి చెప్పించుకున్నాను. ఎవరికి? "మా పెద్దోడికి." ఎన్ని? "సగం, ఏం బతుకో." ఎప్పుడు? "రాత్రి ఎనిమిదింటికి." ఫిబ్రవరి 28న సగం పోయి ఒకటి అయింది. తిరిగి చెప్పించుకున్నాను. మార్చి 7న మళ్లీ ఏడు బిళ్లలు. తిరిగి చెప్పించుకున్నాను.

ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు బసవమ్మ ఆదెయ్య గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన నిద్రపోతున్నారట, రెండుపూటలా తింటున్నారట. మాట మాత్రం రాలేదు. డాక్టరమ్మ మోతాదు మార్చలేదు. ఏడు బిళ్లలు పొట్లం కట్టాను. 9:35 నుంచి 9:37 దాకా జరిగినది కొంచెం ఆగి రాస్తాను.

ఇక కళ్లంలో జరిగిన సంగతులు నేను చూసినవి కావు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఉన్న ఆ ఇంటివాళ్లు ఆరుగురూ చెప్పగా విన్నవి. ఆరుగురూ ఒకేసారి చెప్పారు కనుక కొంత సర్దాను.

ఆ ఇంటి మిరపకాయలు వారం రోజులుగా ఊరి బయట కళ్లంలో ఎండుతున్నాయి. మూడు రాత్రులుగా అందరూ వంతులు వేసుకుని కాపలా ఉన్నారు. ఇవాళ పన్నెండున్నరకు అందరూ అక్కడే భోజనం చేశారు. బసవమ్మ పొట్లం విప్పి, చిన్న కొడుకులిద్దరికీ కోడళ్లు ముగ్గురికీ తలా ఒక బిళ్ల ఇచ్చి, తనూ ఒకటి మజ్జిగతో మింగింది. ఆరు అయిపోయాయి. ఏడోది ఆదెయ్య గారి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశారు. ఎండను చూశారు. పంచె కొంగున ముడి వేసుకున్నారు.

ఒంటిగంటకు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న చిన్న కోడలు ఏరుతూనే ఒరిగిపోయింది. ఆ తరవాత తమ్ముళ్లు. బసవమ్మ ఆఖరిది. "నిద్ర కాదది, గోతిలోకి దిగినట్టుగా ఉంది" అని ఆమె వర్ణన.

రెండుంబావుకు తూర్పున మబ్బు పట్టింది. మార్చిలో వాన ఎండుమిరపకు ఏం చేస్తుందో ఈ స్టేషనులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కళ్లంలో మేలుకుని ఉన్నది ఆదెయ్య గారు ఒక్కరే. ఆయన అందరినీ కుదిపారు. ఎవరూ లేవలేదు. ఒక్కరే కాయను కుప్పకు లాగి, ఒక్కరే పట్టాలు కప్పడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు, రెండూ నలభైకి, ఆదెయ్య గారి బావ బుల్లయ్య గారు పొన్నూరు నుంచి లూనా మీద వచ్చారు. ఆయన బియ్యం వ్యాపారి. బావమరిదిని పలకరించిపోదామని వచ్చారు. ఆయన చూసింది ఇది: ఎర్రటి కళ్లం, అందులో కదలకుండా ఆరుగురు, వాళ్ల మధ్య పట్టా లాగుతూ నాలుగు నెలలుగా మాట్లాడని మనిషి. "చంపేశాడ్రోయ్!" అని అరిచారు.

ఆదెయ్య గారు తల ఎత్తి, "బావా, అరవమాక. ఆ కొస పట్టుకో, వానొత్తంది" అన్నారు.

నాలుగు నెలల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. మందు మొదలుపెట్టిన ఇరవై రెండో రోజు. డాక్టరమ్మ చెప్పిన మూడు వారాల మీద ఒక్క రోజు ఆలస్యం.

బుల్లయ్య గారు కొస పట్టుకోలేదు. లూనా పట్టుకున్నారు. మూడుంబావుకు ఈ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చారు. అందులో, "ఆరు శవాల మధ్య నిలబడి పట్టా కొస పట్టుకొమ్మన్న కసాయి" అనే వాక్యం ఉంది. చదవగా విన్నాను. శైలి బాగుంది, శవాల లెక్కే తప్పు.

మూడూ యాభైకి జీపు కళ్లం చేరింది. వాన పడకుండానే మబ్బు తేలిపోయింది. అల్లాబక్షు గారు బసవమ్మ మొహాన నీళ్లు చల్లారు. శవం లేచి కూర్చుని, "ఎవడ్రా నా మొహాన నీళ్లు కొట్టింది? కాయ తడిసిద్దని తెలియదా?" అంది. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఘాటుకు పోలీసు సిబ్బంది అంతా తుమ్మడం వల్ల విచారణ సాగలేదు. ఎస్సై గారు ఇంట్లో సోదా చేయగా పురుగుమందు డబ్బాలు పెట్టెలో, తాళం వేసి, తాళం మీద సాలెగూడుతో సహా కనిపించాయి. తాళంచెవి వెంకటేశ్వరమ్మ గారి మెడలో ఉంది, ఆమె అప్పటికీ కళ్లంలో గురక పెడుతూ ఉంది. ఆసుపత్రిలో ఆరుగురి నాడీ చూసి, ప్రమాదం లేదు, సాయంత్రం దాకా ఎవరూ గభాల్న లేవవద్దని పంపేశారు.

అయినా కేసు పోలేదు. డాక్టరమ్మను పిలిపించారు. క్లినిక్కు బీరువాలో సీసాలన్నీ తెచ్చారు. ఆదెయ్య గారి కొంగు విప్పించి, ఆ ఒక్క బిళ్లనూ కవరులో పెట్టి లక్క వేశారు. కొంగు విప్పుతున్నప్పుడు ఆయన, "అది రాత్రి ఎనిమిదింటికండీ" అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. ఆ తరవాత ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఆరుంబావు నుంచి నేను రాస్తున్నాను, ఆయన బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నారు. ఫిబ్రవరి 14న కూర్చున్నట్టే ఉంది.

బుల్లయ్య గారు కిటికీ దగ్గర నిలబడి, "ఆ డాక్టరమ్మే ఇంటిల్లిపాదికీ నిద్రమాత్రలిచ్చిందండీ. ఈణ్ణి పిచ్చోణ్ణి చేసి, మావోళ్లని పడుకోబెట్టి! ఆ క్లినిక్కు మూయించాలండీ" అంటున్నారు.

ఆరూ నలభైకి ఎస్సై గారు తెల్ల కాగితం తీసి, మొదటి ముద్దాయి ఆదెయ్య, రెండో ముద్దాయి డాక్టర్ ఖుర్షిదా అని రాయబోయారు. "ఆరుగురికీ వేసుకొమ్మని చెప్పింది ఎవరమ్మా?" అని అడిగారు.

డాక్టరమ్మ, "నేను చెప్పలేదు. కానీ మందు నాది, బాధ్యత నాది" అన్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు 9:35 నుంచి 9:37 దాకా జరిగినది రాస్తున్నాను.

పొట్లం అందుకుంటూ బసవమ్మ, "అబ్బాయా, నాకో అనుమానం" అంది. "మా చేలో మందు కొడితే దోమ పోయి పక్క చేలో పడుద్దిగా. ఇప్పుడు మా పెద్దోడి దిగులు ఆడిలోంచి లేసి, మా మీద పడదా?"

ఇక్కడ నేను చేయవలసిన పని ఒక్కటే. ఎవరికి, ఎన్ని, ఎప్పుడు అని అడగడం. నేను ముఖం గంభీరంగా పెట్టి, "పడుతుందవ్వా. అందుకేగా తెలిసిన రైతులు చుట్టుపక్కల చేలన్నిటికీ ఒకే రోజు కొడతారు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. తాళంకప్పకు నవ్విన మనిషి. నవ్వలేదు. తల ఊపింది. ఆ తల ఊపడం నేను చూశాను. వరసలో ఇరవై ఏడు మంది ఉన్నారు. తరవాతి టోకెన్ పిలిచాను. తిరిగి చెప్పించుకోలేదు.

ఆమె తెలివితక్కువది కాదు. తన పొలంలో నిజమైన సంగతినే ఇంట్లో చేసింది. బి.ఎ. చదివి, తెల్ల చొక్కా వేసుకుని, డాక్టరు గది గుమ్మంలో కూర్చున్నవాడు చెబితే చేసింది. కనుక ఆరుగురికీ వేసుకొమ్మని చెప్పింది నేను. రెండో ముద్దాయి స్థానంలో నా పేరు రాసుకోవలసిందిగా ప్రార్థన. పులిగడ్డలో ఉన్నది ల, ళ కాదు.

ఇది గట్టిగా చదివి వినిపించాను. వరండాలోంచి బసవమ్మ, "ఓరి నీ దుంపతెగ, యెటకారమా అది?" అంది. "ఏడు బిళ్లలు, ఏడుగురం. లెక్క కుదిరిందే అనుకున్నాగదరా!"

ఎస్సై గారు నన్ను చాలాసేపు చూశారు. ఆయన అన్నది రాయవద్దన్నారు. ఇదివరకు ఇచ్చిన మాట ప్రకారం రాయాలి కానీ, మా నాన్నగారు ఇది చదివే అవకాశం ఉంది కనుక "చదువుకున్న" అనే విశేషణం, దాని తరవాత ఒక జంతువు అని మాత్రం రాస్తున్నాను.

అప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పారు. ఒక్కొక్కరికీ ఒక్కటే పడటం వల్ల, అందులోనూ మూడు రాత్రుల కాపలా అలసట మీద పడటం వల్ల నిద్రతో పోయిందన్నారు. నెలకు సరిపడా పొట్లం ఇచ్చి ఉంటే ఈ పూట ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదన్నారు. ఎస్సై గారు తెల్ల కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టారు. చించలేదు. మడిచారు.

ఏడూ పదికి ఎస్సై గారు బల్ల మీద సీసాలను అటూ ఇటూ జరుపుతూ, గొంతు తగ్గించి, "డాక్టరు గారూ, మరి వీటిల్లో మామూలు నిద్రకి ఏదన్నా... నాకు రెండేళ్లుగా సరిగా పట్టదు. ఒకటి ఇస్తే" అన్నారు.

"రోజుకు టీలు ఎన్ని?"

"మహా అయితే పద్నాలుగు."

"ముందు అవి ఏడు చేయండి. సాయంత్రం ఆరు తరవాత ఒక్కటీ వద్దు. వచ్చే శనివారం రండి, వివరంగా మాట్లాడదాం. బిళ్ల అవసరమో కాదో అప్పుడు చూద్దాం. టోకెన్ తీసుకోండి."

నా జేబులో వచ్చే వారం టోకెన్లు ఉన్నాయి. ఒకటో నంబరు ఇచ్చాను. ఇది రాయవద్దన్నారు. కానీ పైన చూడవలసింది: ఒక్క మాట వదిలితే ఊరుకోనన్నది కూడా వారే.

ఏడూ నలభైకి ఆదెయ్య గారు తల ఎత్తి గడియారం చూశారు. ఏడూ నలభై అయిదుకు మళ్లీ చూశారు. నేను లేచి, ఆ కవరులో బిళ్ల ఆయనకు ఇప్పించమని అడిగాను.

"సీలు వేసిన సొత్తయ్యా అది. కోర్టుకి పోవాలి" అన్నారు ఎస్సై గారు. డాక్టరమ్మను, "ఒక పూట తప్పితే ప్రాణం మీదికేమన్నా వస్తుందా?" అని అడిగారు.

"రాదు" అన్నారు డాక్టరమ్మ. అబద్ధమాడి ఉంటే పని తేలికయ్యేది. "కానీ ఇరవై రెండు రోజుల్లో ఆయన ఒక్క రాత్రి తప్పలేదు. ఇవాళ ఇంట్లో అందరూ మింగినా ఆయన వేళ కోసం ఆగారు. ఆ ఇంట్లో నా మాట విన్నది ఆయన ఒక్కరే. ఆయన్ను నేరస్థుడిలా కూర్చోబెట్టి, ఆ ఒక్క పనీ తప్పించి పంపితే, వచ్చే శనివారం ఆయన వస్తారని నేను చెప్పలేను."

ఎస్సై గారు గడియారం చూశారు. ఏడూ యాభై మూడు. బుల్లయ్య గారిని చూశారు. బుల్లయ్య గారు కిటికీ ఊచలు పట్టుకుని, ఎవరితో అన్నట్టు కాకుండా, "ఆ కొస పట్టుకోవాల్సిందిరా నేను" అన్నారు.

"లక్క ఇంకా సరిగా ఆరలేదండి" అన్నారు అల్లాబక్షు గారు, కవరును వేలితో నొక్కి చూస్తూ. అది సాయంత్రం అయిదున్నరకు వేసిన లక్క. రాయిలా ఉంది. నేను తాకి చూశాను. ఆయన నొప్పిగా ఉన్న కుడిచేత్తోనే దాన్ని పెళ్లున విరిచారు.

ఏడూ యాభై ఎనిమిదికి బిళ్ల ఆదెయ్య గారి అరచేతిలో ఉంది. ఆయన నోట్లో వేసుకోలేదు. అందరం గడియారం వైపు చూస్తూ నిలబడ్డాం. బసవమ్మ వరండాలోంచి లేచి వచ్చి, మసక వెలుతురులో చెయ్యి చాపి, "ఇటియ్యిరా, సగం నేనేసుకుంటా, కోర్టు కచ్చేరీ చూసి నాకే దిగులుగా ఉంది" అంది.

ఆదెయ్య గారు గుప్పిట మూశారు.

"ఇది నాదేనమ్మా" అన్నారు.

ఎనిమిది కొట్టింది. స్టేషను కుండలో నీళ్లతో మింగారు.

నేను బసవమ్మ గారిని అక్కడే, ఎస్సై గారి ఎదుట నిలబెట్టి అడిగాను. ఎవరికి? "మా పెద్దోడికి." ఎన్ని? "ఒకటి." ఎప్పుడు? "రాత్రి ఎనిమిదింటికి." మిగతా వాళ్లకు? "మజ్జిగ." మళ్లీ మొదటి నుంచి అడిగాను. మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగితే కర్ర కోసం వెతికింది.

నేను చూసినదాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు, చేసినదాన్ని చేసినట్టు రాశాను. నన్నెవరూ కొట్టలేదు, ఆశ పెట్టలేదు. ఒక టీ ఇచ్చారు, అది ఎస్సై గారు మానుకున్న ఎనిమిదో టీ. స్వాధీనం చేసుకున్న సొత్తు జాబితాలో ఒక బిళ్ల తక్కువ పడితే, అది వెళ్లవలసిన చోటికి వేళకు వెళ్లిందని గమనించవలసింది.

(సం.) పులిగడ్డ త్యాగరాజు
రాత్రి 8:20

తిరిగి చెప్పిన మాట నిజమేనని బసవమ్మ వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర. సిరా ఇవ్వకముందే కాగితం మీద ఎర్రగా పడింది. అల్లాబక్షు గారు వాసన చూసి తుమ్మి ధ్రువీకరించారు.